ఫ్యాన్లు తిరుగుతున్నా తెర వెలగని డెస్క్‌టాప్: లోపాన్ని ఎక్కడ వెతకాలి

మీరు చెప్పిన లక్షణాలను ముందుగా ఒకచోట పెడతాను. ఐదేళ్లుగా వాడుతున్న డెస్క్‌టాప్ కంప్యూటర్ రెండు నెలలుగా ఉదయం పూట ఒక పట్టాన ఆన్ అయ్యేది కాదు. బటన్ నాలుగైదు సార్లు నొక్కితే గానీ కదిలేది కాదు, ఒకసారి ఆన్ అయ్యాక మాత్రం రోజంతా ఇబ్బంది లేకుండా పనిచేసేది. వారం రోజులుగా బటన్ నొక్కగానే ఫ్యాన్లు తిరుగుతున్నాయి, లోపలి దీపాలు వెలుగుతున్నాయి, తెర మీద మాత్రం ఏమీ రావడం లేదు. ర్యామ్ పోయి ఉంటుందని కొత్తది కొని పెట్టారు, ఫలితం లేదు. చూసినవారు మదర్‌బోర్డు పోయిందన్నారు. బోర్డు మార్చాలా అన్నది మీ ప్రశ్న.

ఇప్పుడే మార్చవద్దు. మీ వివరాలను బట్టి నా మొదటి అనుమానం ఇంటి విద్యుత్తును కంప్యూటర్‌కు తగిన వోల్టేజీలుగా మార్చే పవర్ సప్లై మీద, అంటే వాడుకలో మనం ఎస్‌ఎంపీఎస్ అనే పెట్టె మీద. అయితే అనుమానాన్ని నమ్మి వస్తువు కొన్నందువల్లనే మీకు ఒక ర్యామ్ ఖర్చు అయింది కాబట్టి, నా అనుమానాన్ని కూడా పరీక్షించాకే నమ్మండి. బటన్ నొక్కినప్పటి నుంచి తెర వెలిగేదాకా పని ఒక భాగం నుంచి మరో భాగానికి చేతులు మారుతూ సాగుతుంది, ప్రతి మజిలీలోనూ ఏదో ఒక గుర్తు వదులుతుంది. ఏ భాగం పోయిందని అడగడానికి ముందు, యంత్రం ఎంతదూరం వచ్చి ఆగిందని అడిగితే సమాధానం చాలా తొందరగా దొరుకుతుంది. అందుకే ఆ దారిని మొదట వివరిస్తాను.

ప్లగ్ పెట్టి స్విచ్ వేయగానే, కంప్యూటర్ ఇంకా ఆన్ చేయకముందే, ఎస్‌ఎంపీఎస్‌లోని ఒక చిన్న సర్క్యూట్ 5 వోల్టుల స్టాండ్‌బై విద్యుత్తును మదర్‌బోర్డుకు ఇస్తూ ఉంటుంది. మీరు బటన్ నొక్కినప్పుడు జరిగేదల్లా బోర్డు మీది రెండు పిన్నులు క్షణకాలం కలవడమే. ఆ సంకేతం అందుకున్న బోర్డు, 24 పిన్నుల కనెక్టర్‌లోని ఆకుపచ్చ తీగ మీది వోల్టేజీని సున్నాకు దించుతుంది. దాంతో ఎస్‌ఎంపీఎస్ పూర్తిగా మేల్కొని 12, 5, 3.3 వోల్టులను ఇవ్వడం మొదలుపెడుతుంది. ఆ మూడూ నిలకడకు వచ్చాక, 100 నుంచి 500 మిల్లీసెకన్ల వ్యవధిలో, బూడిదరంగు తీగ మీద 5 వోల్టుల ‘పవర్ గుడ్’ సంకేతాన్ని పంపుతుంది. అది అందేదాకా బోర్డు ప్రాసెసర్‌ను రీసెట్ స్థితిలోనే, అంటే పని మొదలుపెట్టనివ్వకుండా పట్టి ఉంచుతుంది. అందిన తర్వాతనే ప్రాసెసర్ బయోస్ (కంప్యూటర్‌ను మొదట లేపే ప్రోగ్రాం) ఉన్న చిప్ నుంచి తన మొదటి ఆదేశాన్ని చదివి, ర్యామ్‌ను సిద్ధం చేసి, గ్రాఫిక్స్‌ను లేపి, చివరగా డిస్కు కోసం వెతుకుతుంది. తెర మీద మొదటి అక్షరం కనబడే సమయానికే సగానికి పైగా పని జరిగిపోయి ఉంటుంది; తెర నల్లగా ఉన్నదన్న ఒక్క లక్షణం నుంచి ఏ భాగం దోషినీ తేల్చలేకపోవడానికి కారణం ఇదే.

ఫ్యాన్లు తిరగడం గురించి ఒక మాట. చాలామంది దాన్ని చూసి విద్యుత్తు సరిగానే వస్తోందని నిశ్చయించుకుంటారు. ఫ్యాను తిరగడానికి 12 వోల్టుల తీగ ఒక్కటి ఉంటే చాలు, అదీ కచ్చితంగా 12 ఉండనక్కర లేదు. మిగిలిన వోల్టేజీలు పడిపోయినా, పవర్ గుడ్ సంకేతం రాకపోయినా, ప్రాసెసర్‌కు విద్యుత్తు అసలు అందకపోయినా ఫ్యాన్లు హాయిగా తిరుగుతూనే ఉంటాయి.

బటన్ నొక్కినా ఏ కదలికా లేని యంత్రంలో పరిశీలన స్టాండ్‌బై విద్యుత్తు దగ్గర మొదలవుతుంది. బోర్డు మీద చిన్న దీపం వెలుగుతూ ఉంటే అది వస్తోందని అర్థం. దీపం లేని బోర్డులో మల్టీమీటర్‌తో 24 పిన్నుల కనెక్టర్‌లోని ఊదారంగు తీగ దగ్గర, అంటే 9వ పిన్ను దగ్గర చూడాలి. 4.75 నుంచి 5.25 వోల్టుల వరకు ఉంటే సరిపోతుంది. అది ఉండి కూడా కదలిక లేకపోతే, కేబినెట్ బటన్ తీగను బోర్డు నుంచి తీసేసి, ఆ రెండు పిన్నులను స్క్రూడ్రైవర్ కొనతో ఒక క్షణం కలిపి చూడండి. అలా ఆన్ అయితే దోషం బటన్‌దే.

ఆన్ అయి వెంటనే ఆగిపోయే యంత్రంలో, ఎన్ని సెకన్లకు ఆగుతోందన్నదే అతి ముఖ్యమైన ఆధారం. ఫ్యాను ఒక్కసారి కదిలి, సెకను లోపే ఆగి, ప్లగ్ తీసి మళ్లీ పెట్టేదాకా స్పందించకపోతే ఎక్కడో షార్ట్ ఉన్నదని, ఎస్‌ఎంపీఎస్ తనను తాను కాపాడుకుంటున్నదని అనుకోవచ్చు. బోర్డు కింద అక్కర లేని చోట ఉండిపోయిన ఇత్తడి స్టాండాఫ్ (బోర్డును ఎత్తి నిలిపే చిన్న కాలు), జారిపడిన మర, వంగి ఒకదానికొకటి తగిలిన యూఎస్‌బీ పిన్నులు ఇందుకు మామూలు కారణాలు. ప్రతిసారీ సరిగ్గా 4 సెకన్లకు ఆగుతుంటే పవర్ బటన్ లోపల ఇరుక్కుపోయి ఉండవచ్చు. బటన్‌ను 4 సెకన్లు అదిమి పట్టుకుంటే బలవంతంగా ఆపేయాలన్న నియమాన్నే బోర్డు పాటిస్తూ ఉంటుంది. అరనిమిషానికో రెండు నిమిషాలకో ఆగేది చాలావరకు వేడి వల్లనే: ప్రాసెసర్ వేడిని లాగే హీట్‌సింక్ ఒక మూల లేచి ఉండటం, ఆ రెంటి మధ్య పూసే థర్మల్ పేస్ట్ ఎండిపోవడం, ఫ్యాను తిరగకపోవడం. ఆన్, ఆఫ్, మళ్లీ ఆన్ అంటూ వలయంలా తిరిగేది ఎక్కువసార్లు ర్యామ్‌ను సిద్ధం చేయలేక బోర్డు పదేపదే ప్రయత్నిస్తున్నదన్న మాట. సెట్టింగులు మార్చాక, బ్యాటరీ తీసి పెట్టాక, కొన్ని బోర్డులు ఒక్కసారి ఇలా ఆగి మళ్లీ లేవడం సహజం, దానికి కంగారు పడనక్కర లేదు.

ఇక మీ స్థితి, అంటే విద్యుత్తు ఉండి తెర లేకపోవడం. లోపలికి వెళ్లే ముందు రెండు నిమిషాల్లో తేలిపోయేవి చూసేయండి. మానిటర్ తీగ గ్రాఫిక్స్ కార్డుకు ఉండవలసింది బోర్డు వెనుక పోర్టుకు పెట్టి ఉండవచ్చు. పేరు చివర ‘ఎఫ్’ ఉన్న ఇంటెల్ ప్రాసెసర్లలో, 7000 శ్రేణికి ముందు వచ్చిన రైజెన్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో పేరు చివర ‘జి’ గానీ ‘జీఈ’ గానీ లేనివాటిలో లోపల గ్రాఫిక్స్ ఉండదు కాబట్టి, బోర్డు పోర్టు నుంచి ఎన్నటికీ బొమ్మ రాదు. మానిటర్‌ను వేరే యంత్రంతో చూడండి. ప్రాసెసర్ పక్కన ఉండే 4 లేదా 8 పిన్నుల 12 వోల్టుల కనెక్టర్ గట్టిగా దిగి ఉందో లేదో చూడండి. అది ఊడిపోయిన యంత్రంలో ఫ్యాన్లన్నీ తిరుగుతాయి, ప్రాసెసర్ మాత్రం నిద్రలోనే ఉంటుంది. గ్రాఫిక్స్ కార్డుకు పెట్టే 8 పిన్నుల తీగ చూడటానికి దీనిలాగే ఉంటుంది గానీ ప్లస్, మైనస్ అటూ ఇటూగా ఉంటాయి. ఆకారం సరిపోకపోయినా బలవంతంగా నెడితే దిగుతుంది, దిగితే బోర్డు కాలుతుంది.

తర్వాత యంత్రం చెప్పేది వినాలి. 1981లో ఐబీఎం పర్సనల్ కంప్యూటర్ వచ్చినప్పటి నుంచి తనిఖీ ఫలితాన్ని శబ్దంతో చెప్పే పద్ధతి ఉంది: ఒక పొట్టి బీప్ అంటే అంతా సవ్యం, ఒక పొడవాటిది రెండు పొట్టివి అంటే డిస్‌ప్లే లోపం. ఈ భాష బయోస్ తయారీదారును బట్టి మారుతుంది కాబట్టి, ఎక్కడో చదివిన పట్టికను నమ్మకుండా మీ బోర్డు మాన్యువల్‌నే ప్రమాణంగా తీసుకోండి. ఇప్పటి కేబినెట్లలో చాలావాటికి స్పీకరు ఉండదు, బోర్డు మీద దాని పిన్నులు మాత్రం ఉంటాయి. చిన్న స్పీకరు ఒకటి తెచ్చి పెడితే చాలు. కొత్త బోర్డుల్లో సీపీయూ (ప్రాసెసర్), డ్ర్యామ్ (ర్యామ్), వీజీఏ (గ్రాఫిక్స్), బూట్ (డిస్కు) అన్న నాలుగు దీపాలు ఒకదాని తర్వాత ఒకటి వెలిగి ఆరుతూ పోతాయి, ఏది వెలిగి నిలిచిపోతే పని అక్కడ ఆగిందని అర్థం. సీపీయూ దీపం నిలిచిపోయినంత మాత్రాన ప్రాసెసర్ పోయిందని కాదు. దానికి విద్యుత్తు అందకపోయినా, బయోస్ చెడినా, ఆ ప్రాసెసర్‌ను గుర్తుపట్టలేని పాత బయోస్ ఉన్నా అదే దీపం వెలుగుతుంది. రెండంకెల కోడ్ చూపే తెర ఉన్న బోర్డులో, ఆన్ చేసిన క్షణం నుంచి అంకె అసలు కదలకుండా 00 దగ్గర నిలిచిపోతే ప్రాసెసర్ పని మొదలుపెట్టనే లేదని సాధారణంగా అనుకోవచ్చు.

ఇక్కడ మీరు తప్పనిసరిగా చేయవలసిన పరీక్ష ఒకటి ఉంది. ప్లగ్ తీసేసి, ర్యామ్ మొత్తం బయటికి తీసి, స్పీకరు పెట్టి, అలాగే ఆన్ చేయండి. ర్యామ్ లేదని బోర్డు బీప్ చేసినా, డ్ర్యామ్ దీపం వెలిగినా చాలా పెద్ద విషయం తేలినట్టే. విద్యుత్తు అందింది, పవర్ గుడ్ వచ్చింది, ప్రాసెసర్ బయోస్‌ను చదివింది, చదివి ర్యామ్ కోసం వెతికింది. ఇవన్నీ జరిగితే తప్ప ఆ ఫిర్యాదు రాదు. అప్పుడు వెతకవలసింది ర్యామ్, దాని స్లాట్లు, గ్రాఫిక్స్ కార్డు దగ్గరే. ర్యామ్ లేకపోయినా బోర్డు మౌనంగానే ఉంటే, లోపం ర్యామ్ కన్నా ముందున్న మజిలీల్లోనే ఉంది. మీరు కొత్త ర్యామ్ కొనేముందు ఈ పని చేసి ఉంటే బాగుండేదని నాకు బాధగా ఉంది, ఎందుకంటే దీనికి పైసా ఖర్చు లేదు.

ఫిర్యాదు వచ్చిందనుకుందాం. అప్పుడు ఒక్క ర్యామ్ ముక్కనే, మాన్యువల్ చెప్పిన స్లాట్‌లో పెట్టాలి. నాలుగు స్లాట్లున్న బోర్డుల్లో చాలావరకు అది ప్రాసెసర్ వైపు నుంచి రెండోది. రెండు కొసలూ టక్కుమని దిగాలి. ఒక్కో ముక్కను ఒక్కో స్లాట్‌లో మార్చి చూస్తే, లోపం ముక్క వెంట నడుస్తోందా, స్లాట్ వెంట నిలుస్తోందా అన్నది బయటపడుతుంది. బంగారుపూత అంచులను రబ్బరుతో రుద్దడం చాలామంది చేసేదే, అది పనిచేస్తుంది కూడా. కాకపోతే రబ్బరు పొడి స్లాట్‌లో పడకుండా బోర్డుకు దూరంగా చేయాలి, వీలైతే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవడం ఇంకా మేలు. తీసి పెట్టగానే బాగై, కొన్ని వారాలకు మళ్లీ అదే లక్షణం వస్తే ర్యామ్‌తో పాటు ప్రాసెసర్ కూర్చునే సాకెట్‌ను కూడా అనుమానించాలి. సాకెట్‌లో ఒక్క పిన్ను వంగినా, హీట్‌సింక్ ఒకవైపు ఎక్కువ బిగించి ఉన్నా, ఒక ర్యామ్ ఛానెల్ మొత్తం కనబడకుండా పోగలదు. డీడీఆర్5 ర్యామ్ ఉన్న యంత్రాలవారికి ఒక హెచ్చరిక: కొత్తగా ర్యామ్ పెట్టినప్పుడు, సీమాస్ (బయోస్ సెట్టింగులు దాచుకునే చోటు) చెరిపినప్పుడు, బోర్డు ఆ ర్యామ్‌తో వేగాన్ని సర్దుబాటు చేసుకోవడానికి కొన్ని నిమిషాలు పట్టవచ్చు, అంతసేపూ తెర నల్లగానే ఉంటుంది. మధ్యలో ప్లగ్ పీకితే మళ్లీ మొదటికి వస్తుంది. పదిహేను నిమిషాలైనా ఆగి చూడండి.

సీమాస్ చెరపడం కూడా ఈ దశలోనే. ప్లగ్ తీసి, పవర్ బటన్‌ను పది సెకన్లు నొక్కి మిగిలిన విద్యుత్తును ఖాళీ చేసి, నాణెం ఆకారపు సీఆర్2032 బ్యాటరీని ఐదు నిమిషాలు తీసి ఉంచండి, లేదా మాన్యువల్ చూపిన జంపర్‌ను వాడండి. బ్యాటరీ వోల్టేజీ 3కు దగ్గరగా ఉండాలి, 2.7 కన్నా తగ్గితే కొత్తది వేయండి.

బోర్డు మౌనంగా ఉండిపోతే చేయవలసినది దాన్ని ఒంటరి చేయడం. కొన్నేళ్ల క్రితం నా చేతికి వచ్చిన ఒక యంత్రం ఈ విషయం నాకు గట్టిగా నేర్పింది. ఫ్యాన్లు తిరిగేవి, తెర లేదు, బీప్ లేదు. ర్యామ్ మార్చాను, ఎస్‌ఎంపీఎస్ మార్చాను, చివరికి బోర్డు కూడా మార్చాను. కొత్త బోర్డు కూడా అదే మౌనం. రెండు రోజుల తర్వాత కేబినెట్ తీగలన్నీ పీకేసి ఆన్ చేస్తే వెంటనే లేచింది. కేబినెట్ ముందున్న రీసెట్ బటన్ లోపలికి దిగి అక్కడే ఇరుక్కుపోయింది, అది ప్రాసెసర్‌ను విడవకుండా రీసెట్‌లోనే పట్టి ఉంచింది. నేను ప్రతి భాగాన్నీ మార్చాను గానీ, ప్రతిసారీ ఆ తీగను తిరిగి అదే పిన్నులకు పెడుతూ వచ్చాను. ఆ యంత్రం యజమాని అనవసరంగా ఒక బోర్డుకు డబ్బు పెట్టారు, ఆ సంగతి నేను ఇప్పటికీ మరచిపోలేదు.

అందుకని మీరు బోర్డును కేబినెట్ నుంచి బయటికి తీసి, మామూలు అట్టపెట్టె మీద పెట్టండి. బోర్డుతో వచ్చే యాంటీస్టాటిక్ సంచి మీద పెట్టి ఆన్ చేయవద్దు, దాని పైపొర విద్యుత్తును ప్రవహింపజేయగలదు. దానికి ఉంచవలసినవి ఇవే: ప్రాసెసర్, దాని హీట్‌సింక్, ఒక ర్యామ్ ముక్క, రెండు విద్యుత్ కనెక్టర్లు, స్పీకరు. ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ లేకపోతేనే గ్రాఫిక్స్ కార్డు. డిస్కులు, యూఎస్‌బీ పరికరాలు, కేబినెట్ తీగలు ఏవీ వద్దు. పిన్నులను స్క్రూడ్రైవర్‌తో కలిపి ఆన్ చేయండి. లేస్తే, తీసేసిన వాటిని ఒక్కొక్కటిగా తిరిగి కలపండి, ఒకసారికి ఒక్కటే, ప్రతిసారీ ఏం జరిగిందో కాగితం మీద రాసుకుంటూ. రెండు మార్పులు ఒకేసారి చేస్తే, బాగైనా ఎందుకు బాగైందో తెలియదు.

ఇప్పుడు ఎస్‌ఎంపీఎస్. మీ లక్షణాలు నన్ను దాని వైపే లాగుతున్నాయి, కారణం చెబుతాను. అందులోని ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు వయసుతో ఎండుతూ వస్తాయి. చల్లగా ఉన్నప్పుడు వాటి నిరోధం ఎక్కువై సరిగా పనిచేయవు, వేడెక్కితే కొంత కోలుకుంటాయి. ఉదయం మొరాయించి, ఆన్ అయ్యాక రోజంతా పనిచేయడం దీనికి సరిగ్గా సరిపోయే లక్షణం. పైగా స్టాండ్‌బై సర్క్యూట్ కంప్యూటర్ ఆఫ్‌లో ఉన్నా రాత్రింబవళ్లు పనిచేస్తూనే ఉంటుంది కాబట్టి, దాని కెపాసిటర్లు అన్నిటికన్నా ముందు ముసలివవుతాయి. మొదట కొన్నిసార్లు నొక్కితే గానీ లేవకపోవడం, తర్వాత లేచినట్టే లేచి ముందుకు సాగకపోవడం ఒకే జబ్బు ముదిరిన తీరులా కనబడుతోంది. మదర్‌బోర్డు కెపాసిటర్లు ఉబ్బినా ఇలాంటిదే జరగవచ్చు, కాబట్టి ప్రాసెసర్ చుట్టూ పైభాగం బల్లపరుపుగా లేనివి, కారినవి ఉన్నాయేమో లైటు వేసి చూడండి.

కొలవడానికి కనెక్టర్ బోర్డుకు ఉండగానే, వెనుక వైపు నుంచి తీగల పక్కగా మీటర్ కొనను దించాలి. నల్లది ఏదైనా నల్ల తీగకు, ఎర్రది చూడవలసిన తీగకు. పసుపు తీగ మీద 11.40 నుంచి 12.60, ఎరుపు మీద 4.75 నుంచి 5.25, నారింజ మీద 3.14 నుంచి 3.47 ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యంగా బూడిదరంగు తీగ, అంటే 8వ పిన్ను, ఆన్ చేసిన అర సెకనులో 5 వోల్టులకు ఎక్కి అక్కడే నిలవాలి. మిగిలినవన్నీ బాగుండి ఇది సున్నా దగ్గరే ఉన్నా, ఎక్కి పడుతున్నా, మీ నల్లతెరకు కారణం దొరికినట్టే. మీ ఎస్‌ఎంపీఎస్ తీగలన్నీ నల్లగానే ఉంటే రంగులను కాకుండా పిన్ను సంఖ్యలను అనుసరించండి. అంకెలు మంచిగా వచ్చినంత మాత్రాన ఎస్‌ఎంపీఎస్ నిర్దోషి అని తీర్పు ఇవ్వకూడదు, ఎందుకంటే మల్టీమీటర్ సగటును చూపుతుంది, వేగంగా ఎగిసిపడే అలలను చూపదు. ఎస్‌ఎంపీఎస్‌ను విడిగా ఉంచి, ఆకుపచ్చ తీగ పిన్నును నల్ల తీగ పిన్నుతో తీగ ముక్క ద్వారా కలిపి ఫ్యాను తిరిగిందా లేదా అని చూసే పరీక్ష అంతకన్నా బలహీనమైనది, భారం లేనప్పుడు పాడైనదీ బాగానే ఉన్నట్టు కనబడుతుంది. నమ్మదగిన పరీక్ష మంచిదని తెలిసిన మరో ఎస్‌ఎంపీఎస్ పెట్టి చూడటమే. అలా పెట్టేటప్పుడు పాతదాని తీగలను ఉంచేసి పెట్టె మాత్రం మార్చవద్దు. విడదీయగల తీగల ఎస్‌ఎంపీఎస్‌లలో పెట్టె వైపు పిన్నుల అమరిక ఒక్కో తయారీలో ఒక్కోలా ఉంటుంది, సరిగ్గా దిగుతుంది, డిస్కులను కాల్చేస్తుంది. ఎస్‌ఎంపీఎస్‌ను మాత్రం ఏ పరిస్థితిలోనూ విప్పవద్దు. ప్లగ్ తీసిన తర్వాత కూడా అందులోని పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండవచ్చు.

తెర వచ్చి, విండోస్ దాకా వెళ్లని స్థితి మీది కాదు కాబట్టి దాని గురించి క్లుప్తంగా: బయోస్‌లో డిస్కు పేరు కనబడకపోతే తీగ, పోర్టు మార్చండి, కనబడి లేవకపోతే స్మార్ట్ వివరాల్లో, అంటే డిస్కు తన ఆరోగ్యం గురించి రాసుకునే పట్టికలో, 5, 197 నంబర్ల వరుసల్లోని విలువలు పెరుగుతున్నాయా చూడండి, 199వ వరుసలోది పెరుగుతుంటే దోషం ఎక్కువగా తీగదే. మధ్యలో నీలితెరలు వస్తుంటే ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86+ అనే ప్రోగ్రాంను రాత్రంతా నడపండి, ఒక్క తప్పు వచ్చినా ఆ ర్యామ్‌ను ఉంచవద్దు.

మీ యంత్రానికి వరుస ఇలా ఉంటుంది. ముందుగా కేబినెట్ రీసెట్, పవర్ బటన్ల తీగలను బోర్డు నుంచి పీకండి. ర్యామ్ లేకుండా ఆన్ చేసి వినండి. బూడిదరంగు తీగను కొలవండి. మంచి ఎస్‌ఎంపీఎస్ ఎవరి దగ్గరైనా అరువు తెచ్చి పెట్టండి. దానితో కూడా, అట్టపెట్టె మీద, ర్యామ్ లేకుండా బోర్డు మౌనంగానే ఉంటే అప్పుడు మిగిలేవి బోర్డు, ప్రాసెసర్ రెండే. ఈ రెంటిలో నేను చూసినంతలో ప్రాసెసర్ పోవడం చాలా అరుదు, అయినా బోర్డు కొనేముందు మీ ప్రాసెసర్‌ను సరిపోయే మరో బోర్డులో ఒకసారి పెట్టి చూడండి. అనుమానమున్న బోర్డులోకి మంచి ప్రాసెసర్‌ను మాత్రం పెట్టవద్దు, విద్యుత్తును సరిగా అదుపు చేయలేని బోర్డు దాన్నీ చంపగలదు. పాత ర్యామ్‌ను పారేయకండి, అది బాగానే ఉండి ఉంటుందని నా నమ్మకం. ర్యామ్ లేనప్పుడు బోర్డు ఏమన్నది, బూడిదరంగు తీగ మీద ఎంత వచ్చింది, ఈ రెండూ నాకు చెప్పండి. తర్వాతి అడుగు వాటిని బట్టి ఉంటుంది.